జీరో బిల్లు ఇంట్లో మూడు బస్తాల బొగ్గు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేటలో నెల మొదట్లో బిల్లు కొట్టే కుర్రాడు చేతిమిషను పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. మీటరు చూస్తాడు, మీట నొక్కుతాడు, చిన్న కాయితం చింపి ఇస్తాడు. తెల్లకార్డు ఉన్న ఇంట్లో వాడకం 200 యూనిట్లు దాటకపోతే కట్టాల్సిన సొమ్ము దగ్గర సున్నా ఉంటుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెలంగాణ అంతటా ఇంతే. జనం దానికి పెట్టుకున్న పేరు జీరో బిల్లు. ఆ కాయితాన్ని కాలెండరు మేకుకి గుచ్చేస్తే ఆ నెలకి కరెంటు సంగతి తీరిపోయినట్టే.

ఆ సున్నా వెనక ఒక లెక్క ఉంది. థర్మల్ కేంద్రంలో ఒక్క యూనిట్ తీయాలంటే ఆరేడు వందల గ్రాముల బొగ్గు మండాలి. 200 యూనిట్లకి 130 కిలోల పైమాటే. యాభై కిలోల బస్తాలతో కొలిస్తే మూడు బస్తాలకి కాస్త తక్కువ. ఆ మూడు బస్తాల్ని మన పెరట్లో పోసి మనమే తగలబెట్టుకోవాల్సి వస్తే నెల తిరక్కుండానే వీధంతా పంచాయితీకి వచ్చేది. పాల్వంచలోనో మణుగూరులోనో మండుతోంది కాబట్టి అశ్వారావుపేటలో ఇంటి గోడ తెల్లగానే ఉంది.

సున్నా అనే మాట ఇప్పుడు ఇంకోచోట కూడా వినిపిస్తోంది. నెట్ జీరో, అంటే నికర సున్నా. గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువుకీ, వెనక్కి పీల్చుకునే దానికీ తేడా లేకుండా చేస్తామన్న మాట. 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో భారతదేశం 2070 నాటికి ఆ గీత చేరతానంది. ముంబై, బెంగళూరు, చెన్నై 2050 అన్నాయి. హైదరాబాదుకి దక్షిణాన కట్టబోయే ఫ్యూచర్ సిటీని పునాదుల నుంచే నెట్ జీరోగా కడతామని తెలంగాణ ప్రభుత్వం చెబుతోంది. ఇన్ని సున్నాల మధ్య, 2025కి వచ్చేసరికి పంచాయతీ నుంచి మున్సిపాలిటీగా మారిన అశ్వారావుపేట లాంటి ఊరు ఏం చేయాలి? ఈ ఊరిని పట్నం అంటే హైదరాబాదు వాళ్లు నవ్వుకోవచ్చు. నవ్వినా పరవాలేదు. పట్నాల ప్రణాళికలు ఎక్కడ తప్పటడుగు వేస్తున్నాయో ఇలాంటి ఊళ్లో నిలబడి చూస్తేనే బాగా తెలుస్తుంది.

ముందు ఆ ప్రణాళికల తీరు చూద్దాం. లోకంలో చాలా పట్నాలు పొగ లెక్కను మూడు పద్దులుగా రాసుకుంటాయి. ఊరి హద్దుల్లో మండే పెట్రోలు, డీజిలు, గ్యాసు, కుళ్లే చెత్త మొదటి పద్దు. హద్దు అవతల తయారై ఊళ్లో ఖర్చయ్యే కరెంటు రెండో పద్దు. మూడోది అన్నిటికన్నా పెద్దది, రాయడానికి అందరూ బద్ధకించేది. ఊళ్లోకి వచ్చే సిమెంటు, ఇనుము, కాగితం, నూనె, బియ్యం తయారయ్యేటప్పుడు ఇంకెక్కడో లేచిన పొగ అందులోకి వస్తుంది. చాలా పట్నాలు మొదటి రెండు పద్దులూ రాసి మూడోదాన్ని వచ్చే ఏటికి వాయిదా వేస్తాయి.

ఈ పనిలో అందరికన్నా ముందు పరుగెత్తింది కోపెన్‌హాగన్. 2025 నాటికి ప్రపంచంలో మొదటి కర్బన రహిత రాజధాని అవుతామని 2012లోనే తీర్మానించుకుంది. సైకిలు బాటలు వేసింది, ఊరంతటికీ ఒకేచోటి నుంచి వేడినీళ్లు పంపే గొట్టాల్లో బొగ్గు మానేసింది, సముద్రంలో గాలిమరలు పాతింది. 2005తో పోలిస్తే ఉద్గారాలు మూడొంతులకు పైగా తగ్గించింది కూడా. అంతా చేసి 2022లో, చెప్పిన ఏడాదికి చెప్పిన మాట నిలబెట్టుకోలేమని ఒప్పుకుంది. చెత్త కాల్చే పెద్ద కేంద్రం పొగలోంచి బొగ్గుపులుసు వాయువుని పట్టి నిలవచేయాలన్నది పథకం, దానికి డబ్బు పుట్టలేదు. నాకు ఆ ఓటమి కన్నా ఆ ఒప్పుకోలు నచ్చింది. మన దగ్గర గడువు దాటిన లక్ష్యాలు ఎవరూ ఒప్పుకోకుండానే కొత్త పేరుతో కొత్త గడువు తెచ్చుకుంటాయి.

ముంబై ప్రణాళిక 2022 మార్చిలో వచ్చింది. దాని లెక్క ప్రకారం ఆ నగరం పొగలో 72 శాతం ఇంధనం, కరెంటు వాడకానిది, 20 శాతం రవాణాది, 8 శాతం చెత్తది. రోడ్ల మీద బళ్ల పొగే అసలు దోషి అనుకునేవాళ్లకి ఈ అంకెలు కళ్లు తెరిపిస్తాయి. మీట నొక్కితే వెలిగే కరెంటుదే పెద్ద పద్దు. ఆ కరెంటుకి బొగ్గు ఎక్కడ మండాలో తేల్చే అధికారం మున్సిపాలిటీకి ఉండదు. పట్నం ప్రణాళికలన్నిటికీ ఉన్న చిక్కు ఇదే. తన చేతిలో ఉన్నవి పది శాతం, ఇరవై శాతం పద్దులు. తన చేతిలో లేనిది డెబ్బై శాతం.

తెలుగు నగరాల్లో చూస్తే ప్రణాళిక కన్నా పనులే ముందు మొదలయ్యాయి. విశాఖలో ముడసర్లోవ జలాశయం మీద 2018లో 2 మెగావాట్ల సోలారు పలకలు తేలాయి. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకి పది టన్నుల కుళ్లిన కూరల నుంచి గ్యాసు, కరెంటు తీస్తున్నారు. జవహర్‌నగర్‌లో చెత్త మండించి 24 మెగావాట్లు తీసే కేంద్రం పెట్టారు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాదుకి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. 2024 నవంబరు నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బళ్లకి రోడ్డు పన్ను ఎత్తేశారు. 2025 జనవరిలో వచ్చిన క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ 2030 నాటికి మరో 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు చేరుస్తామంటోంది. అన్నీ మంచి పనులే. కానీ ఆ ఎలక్ట్రిక్ బస్సు రాత్రి చార్జింగుకి నిలబడినప్పుడు ఎండ ఉండదు. అప్పుడు దానికి కరెంటు పంపేది మన జిల్లా.

అందుకే మాట మళ్లీ ఇక్కడికే వచ్చింది. ఖమ్మం జిల్లా నుంచి విడిపోయి 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాని పటం మీద చూడండి. ఒక మూల మణుగూరు బొగ్గు, పక్కన భద్రాద్రి థర్మల్ కేంద్రం. గోదావరి గట్టున సారపాక కాగితం మిల్లు. మధ్యలో పాల్వంచ, కొత్తగూడెం. ఆంధ్ర సరిహద్దులో అశ్వారావుపేట, దాని చుట్టూ పామాయిల్, జీడిమామిడి, జామాయిల్ తోటలు. పెద్ద నగరాలు రెండో పద్దులో రాసే కరెంటు, మూడో పద్దులో వాయిదా వేసే కాగితం, నూనె ఈ జిల్లా నుంచీ వెళ్తున్నాయి. పట్నం లెక్క హద్దు దగ్గర ఆగినప్పుడు ఆ హద్దు అవతల ఉన్నది మనమే.

2024 ఆగస్టు 5న పాల్వంచలో ఎనిమిది కూలింగ్ టవర్లు ఒక్కసారిగా నేలకూలాయి. కొత్తగూడెం థర్మల్ కేంద్రం (కేటీపీఎస్) పాత ప్లాంటువి అవి. 1960ల చివర్లో మొదలై విడతలుగా 720 మెగావాట్లకి పెరిగిన ఆ యూనిట్లని 2020 నాటికి పూర్తిగా ఆపేశారు. యాభై ఏళ్లు ఆ పొగ చూసి దారి గుర్తుపట్టిన వాళ్లు టవర్లు కూలుతుంటే సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా. ఆ వీడియో చూసి బొగ్గు యుగం ముగిసిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పాతవి ఆగేలోపే పక్కనే 800 మెగావాట్ల ఏడో దశ 2018లో నడకలోకి వచ్చింది. మణుగూరు వైపు భద్రాద్రి కేంద్రం 1,080 మెగావాట్లతో మొదలైంది. అందులో వాడింది సబ్‌క్రిటికల్ పరిజ్ఞానం. ఆవిరి పీడనం తక్కువ, అంచేత యూనిట్‌కి బొగ్గు ఎక్కువ తింటుంది. ఆ ఎంపిక మీద విచారణ కమిషన్ దాకా వెళ్లింది కథ. రాజకీయం అలా ఉంచితే, ఒక్కసారి కట్టిన బాయిలర్ పాతికేళ్లకు పైగా మండుతుందన్నది నాకు ముఖ్యం. 2030 లక్ష్యం, 2047 లక్ష్యం ఏవి రాసుకున్నా ఆ బాయిలర్ వాటన్నిటి కన్నా ముందే ఒప్పందం చేసుకుని కూర్చుంది.

బొగ్గు మాట ఎత్తగానే ఉద్యోగాల మాట వస్తుంది, రావాలి కూడా. ఇల్లెందు దగ్గర 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పుట్టింది. 1990ల మొదట్లో ఆ సంస్థలో లక్షా పదహారు వేల మంది పనిచేసేవారు. ఇప్పుడు నలభై వేలకి అటూఇటూ. అదే కాలంలో బొగ్గు ఉత్పత్తి దాదాపు నాలుగు రెట్లు పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులకి చేరింది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. డెబ్బై ఆరు వేల ఉద్యోగాలు పోయింది సోలారు పలకల వల్ల కాదు, పర్యావరణవాదుల వల్ల అంతకన్నా కాదు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు (ఓసీలు), డంపర్లు, షావెళ్లు వచ్చాయి. దసరాకి లాభాల్లో వాటా (2024లో 33 శాతం) పడగానే కొత్తగూడెం బట్టల కొట్లు, బంగారం కొట్లు కళకళలాడతాయి. ఆ వాటా అందుకునే కుటుంబాలు ఏటేటా తగ్గుతున్న సంగతి మాత్రం ఆ సందట్లో ఎవరూ ఎత్తరు. బొగ్గు తర్వాత ఏమిటన్న ప్రశ్న వాతావరణం కోసం కాకపోయినా ఈ జిల్లా తనకోసం తను వేసుకోవాల్సిందే. ఇల్లెందులో, మణుగూరులో సింగరేణి తన భూముల్లోనే సోలారు ప్లాంట్లు పెట్టి జవాబు వెతుక్కోవడం మొదలుపెట్టింది. కానీ ఓసీలో వెయ్యి మంది చేసే చోట సోలారు ప్లాంటు కాపలాకి పదిమంది చాలు. ఆ తేడా పూడ్చే ఆలోచన ఏ పాలసీ కాయితంలోనూ నాకు కనపడలేదు.

సత్తుపల్లి రోడ్డు మీద తిరిగిన వాళ్లకి ఇంకో మార్పు తెలుసు. ఒకప్పుడు సత్తుపల్లి ఓసీల బొగ్గంతా లారీల్లో కొత్తగూడెం వెళ్లేది. మోటారు సైకిలు మీద వెళ్తే ఇంటికొచ్చి మొహం కడుక్కున్న నీళ్లు నల్లగా ఉండేవి. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలు మార్గం వేసి 2022లో బొగ్గు రైళ్లు నడపడం మొదలెట్టాక ఆ రద్దీ సన్నబడింది. ఒక రైల్లో నాలుగు వేల టన్నుల దాకా పడుతుంది. అంటే నూట ముప్పై, నూట నలభై లారీల డీజిలు ఒక్క రైలుతో మిగిలింది. రోడ్డు పక్క ఊళ్లకి ఇది నిజమైన మేలు. కర్బన లెక్కలో మాత్రం వేరే సంగతి. సింగరేణి బొగ్గు టన్ను మండితే సుమారు టన్నున్నర బొగ్గుపులుసు వాయువు వస్తుంది. రవాణాలో మిగిల్చిన డీజిలు దాని ముందు లెక్కలోకే రాదు. అయినా ఏ నివేదిక తిరగేసినా మిగిల్చిన డీజిలుకి ఒక పేజీ, మండిన బొగ్గుకి ఒక వాక్యం.

ఇవన్నీ అశ్వారావుపేట చేతిలో లేనివి. చేతిలో ఉన్నది పామాయిల్.

వానాకాలంలో అశ్వారావుపేట ఫ్యాక్టరీ దారిలో గెలల ట్రాక్టర్లు బారులు తీరి కనిపిస్తాయి. పొడుగాటి గెడకి కట్టిన కొడవలితో కోసిన గెల, ముళ్లతో, ఎర్రగా, నల్లగా, ఒక్కొక్కటి పదిహేను ఇరవై కిలోలు. కోసిన రోజే, లేదంటే మర్నాటికైనా ఫ్యాక్టరీకి చేరాలి, లేకపోతే నూనె పులుస్తుంది. ఆయిల్‌ఫెడ్‌కి అశ్వారావుపేటలో ఒకటి, దమ్మపేట మండలం అప్పారావుపేటలో ఒకటి ఫ్యాక్టరీలున్నాయి. రెండోది 2017లో వచ్చింది. 2021లో కేంద్రం 11,040 కోట్లతో వంటనూనెల మిషన్ ప్రకటించాక, 20 లక్షల ఎకరాలు వేయిస్తామని రాష్ట్రం అన్నాక, తెలంగాణలో ఏ జిల్లా రైతు పామాయిల్ వేయాలనుకున్నా ముందు బస్సెక్కి వచ్చి చూసేది ఈ రెండు మండలాలనే.

పామాయిల్ అనగానే ఇండోనేషియాలో తగలబడిన అడవులు గుర్తొస్తాయి. ఆ నేరాన్ని మన రైతు మీద వేయడం న్యాయం కాదు. ఇక్కడ తోటలు ఎక్కువగా వచ్చింది ఒకప్పుడు వరి, పత్తి, పొగాకు, జీడిమామిడి వేసిన పట్టా భూముల్లో. అలాగని ఈ పంటకి పచ్చ ముద్ర వేసేయడమూ తొందరపాటే. నీళ్లు బాగా తాగే చెట్టిది. బోరు మోటారు ఏడాది పొడుగునా నడవాలి, ఆ కరెంటు మళ్లీ బొగ్గుదే. ఉచితం కాబట్టి రైతుకి బిల్లు రాదు, అంతే.

ఫ్యాక్టరీ లోపలి లెక్క ఇంకా ఆసక్తికరం. టన్ను గెలలు లోపలికి వెళ్తే నూనె వచ్చేది రెండు వందల కిలోలకి కాస్త తక్కువ. మిగతాదంతా ఏమవుతుంది? గెలల్ని ముందు ఆవిరి మీద ఉడకేస్తారు. కాయలు రాలిపోయాక మిగిలే ఖాళీ గెల బరువు పావు టన్నుకి దగ్గర. గుజ్జు పిండాక పీచు, గింజ పగలగొట్టాక పెంకు. ఈ పీచు, పెంకు బాయిలర్‌కి మేత. అందుకే పామాయిల్ ఫ్యాక్టరీకి ఆవిరి కోసం బొగ్గు కొనాల్సిన పని ఉండదు. అప్పారావుపేటలో అయితే ఆ వ్యర్థాలతోనే 2.5 మెగావాట్ల కరెంటు తీసే ఏర్పాటు చేసుకున్నారు. శిలాజ ఇంధనం మానేయడం అంటే ఏమిటో ఎవరైనా పిల్లలకి చూపించాలనుకుంటే హైదరాబాదు సైన్సు మ్యూజియందాకా పోనక్కర్లేదు, ఈ బాయిలర్ దగ్గరికి తీసుకెళ్తే చాలు.

మిగిలింది మురుగు నీరు. నా దృష్టిలో ఈ వ్యాసానికి గుండెకాయ ఇదే. టన్ను గెలలకి ఆరేడు వందల లీటర్ల చిక్కటి గోధుమరంగు నీరు బయటికి వస్తుంది, నూనె జిడ్డుతో, పొగలు కక్కుతూ. ప్రపంచమంతటా పామాయిల్ మిల్లులు దీన్ని వరసగా తవ్విన కుంటల్లోకి వదిలి నెలల తరబడి కుళ్లనిస్తాయి. కుంట మీద పైకి తేలే బుడగల్లో సగానికి పైగా మీథేన్. వందేళ్ల లెక్కన చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు ఇరవై ఎనిమిది రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. తెరిచిన కుంటల్లో కుళ్లితే టన్ను గెలలకి ఏడెనిమిది కిలోల మీథేన్ గాలిలో కలుస్తుంది. ఇరవై ఎనిమిదితో గుణిస్తే రెండు వందల కిలోల చిల్లర. మొదట్లో చెప్పిన జీరో బిల్లు ఇంట్లో నెలకి మండిన మూడు బస్తాల బొగ్గు పొగ కూడా దాదాపు ఇంతే. ఒక ట్రాక్టరు ట్రక్కులో పట్టే గెలలు నాలుగు టన్నులనుకుంటే, నాలుగిళ్ల నెల కరెంటు పొగ ఆ ఒక్క ట్రక్కు మురుగులో ఉంది.

ఇదే నీటిని మూత వేసిన తొట్టెలో కుళ్లబెడితే కథ తిరగబడుతుంది. టన్ను గెలల మురుగు నుంచి పద్దెనిమిది ఘనపు మీటర్ల దాకా బయోగ్యాస్ పట్టొచ్చు. వంటగ్యాసుతో పోలిస్తే అది ఎనిమిది కిలోలకి సమానం, అంటే అర సిలిండరుకి పైనే. బాగా కాసే ఎకరం తోట ఏడాదికి పది టన్నుల గెలలిస్తుంది. ఆ మురుగులో అయిదారు సిలిండర్ల గ్యాసుంది. ఒక చిన్న కుటుంబం ఏడాది పొడుగునా వండుకునే ఇంధనం ఎకరం తోట నూనె తీయగా మిగిలిన నీళ్లలో ఉందంటే నేను మొదట నమ్మలేదు, మూడుసార్లు లెక్కవేసుకున్నాను. ఇదేం కొత్త విద్య కాదు. మలేషియాలో 2014 నుంచి కొత్తగా పెట్టే మిల్లులకి బయోగ్యాస్ పట్టే ఏర్పాటు తప్పనిసరి. మన దేశంలో గ్యాసుని శుద్ధి చేసి కొనే పథకం 2018లోనే వచ్చింది. 20 లక్షల ఎకరాల లక్ష్యం పెట్టుకుని రాష్ట్రమంతటా కొత్త ఫ్యాక్టరీలకి అనుమతులిస్తున్న ప్రభుత్వం మూత వేసిన తొట్టె లేకుండా ఏ మిల్లుకీ శంకుస్థాపన చేయనివ్వకూడదు. తర్వాత అతికించడం కన్నా ముందే కట్టడం చవక.

ఇప్పుడు మళ్లీ జీరో బిల్లు దగ్గరికి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పెట్టింది. ఇంటి మీద 2 కిలోవాట్ల పలకలు పెడితే 60 వేలు, 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ. రెండు కిలోవాట్లు మన ఎండకి రోజుకి ఎనిమిది యూనిట్లిస్తాయి, నెలకి 240. లెక్క బ్రహ్మాండంగా ఉంది. అయితే ఊళ్లో తెల్లకార్డు ఇంటాయన్ని అడిగి చూడండి. బిల్లే సున్నా వస్తుంటే సబ్సిడీ పోను మిగతా అరవై డెబ్బై వేలు నేనెందుకు పెట్టాలండీ అంటాడు. ఆయన తప్పేం లేదు. ఒక ప్రభుత్వం సున్నా బిల్లిచ్చి, ఇంకో ప్రభుత్వం బిల్లు తగ్గించుకోమని సబ్సిడీ ఇస్తే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఉచిత కరెంటు తీసేయమని నేననను. పేద ఇంట్లో ఫ్యాను తిరగడం నేరం కాదు, అదీ కొత్తగూడెం, భద్రాచలం మేనెలల్లో. కానీ డిస్కంకి జీరో బిల్లుల కింద ప్రభుత్వం ఏటేటా కట్టే సొమ్మే ఉంది కదా, అందులో కొంత ముందుగా తీసి ఆ ఇళ్ల మీదే పలకలు వేస్తే ఇంటాయనకి బిల్లు సున్నాగానే ఉంటుంది, పాల్వంచలో మూడు బస్తాలు మిగులుతాయి. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఇళ్ల మీద ఉచితంగా పలకలు పరిచి ఊరంతా సోలారు చేశారు. ముఖ్యమంత్రి సొంత ఊరు కాబట్టి కుదిరిందనే వాళ్లున్నారు. కావచ్చు. కుదురుతుందని మాత్రం రుజువైంది.

అడవి అంచు ఊళ్లలో ఇంతకన్నా పెద్ద అవకాశం ఉంది. 2023లో పోడు పట్టాలిచ్చినప్పుడు రాష్ట్రంలో ఎక్కువ భూమి దక్కింది మన జిల్లాకే, సుమారు లక్షన్నర ఎకరాలు. ఆ భూముల్లో చాలాచోట్ల కరెంటు స్తంభం లేదు. అటవీశాఖ అనుమతి లేకుండా వేయడం కుదరదు. అందుకే వాగులోంచి నీళ్లు తోడాలంటే డీజిలు ఇంజనే దిక్కు. 2025 మే 19న నల్లమలలో, మాచారంలో మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం ఈ భూములకి సోలారు పంపుసెట్లు ఇస్తామంటోంది. అయిదేళ్లలో 12,600 కోట్లు, 6 లక్షల ఎకరాలు, 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులు. కోయ రైతు గంటకి లీటరు చొప్పున డీజిలు కొనడం మానేస్తే అది వాతావరణం కన్నా ముందు అతని జేబుకి తెలుస్తుంది. నా అనుమానం ఒక్కటే. ఎండ ఉచితం కాబట్టి మోటారు ఆపే వాళ్లుండరు, బోరు అడుగంటేదాకా తోడతారు. బిందు సేద్యం లేకుండా పంపు ఒక్కటే ఇవ్వడం సగం పని.

రవాణా గురించి ఎక్కువ చెప్పను. ఎలక్ట్రిక్ బస్సు అశ్వారావుపేటకి రావడానికి ఇంకా కాలం పడుతుంది. అయితే 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత ప్రయాణం తనకి తెలియకుండానే పెద్ద కర్బన పథకం అయింది. వంద కిలోమీటర్లకి బస్సు ఇరవై, ఇరవై రెండు లీటర్ల డీజిలు తాగుతుంది. అరవై మంది ఎక్కితే మనిషికి కిలో పొగ. అదే దూరం మోటారు సైకిలు మీద ఒక్కరే వెళ్తే నాలుగు కిలోలు దాటుతుంది. సత్తుపల్లి బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదని తిట్టుకుంటాం, నేనూ తిట్టుకున్నాను. ఆ ఇరుకే లెక్కని బాగుచేసింది. ఇంకో రెండు బస్సులు వేస్తే ఆటోలు, బైకులు వదిలి ఎక్కేవాళ్లు ఇంకా ఉన్నారు.

కట్టెల పొయ్యి సంగతి కూడా వస్తుంది ఇలాంటి నివేదికల్లో. 500 రూపాయల సిలిండరు వచ్చాక కూడా గూడేల్లో ఆడవాళ్లు చితుకులు ఏరుకొస్తూనే ఉన్నారు. వాళ్ల ఊపిరితిత్తుల కోసం ఆ పొయ్యి మారాలి. ఉద్గారాల పట్టికలో మాత్రం వాళ్లని మొదటి వరసలో నిలబెట్టడం అన్యాయం. అడవిలో రాలిన పుల్ల కాల్చిన మనిషికీ, ఏసీ వేసుకుని దుప్పటి కప్పుకున్న మనిషికీ ఒకే పద్దు రాసే లెక్క నాకు అక్కర్లేదు.

ఇంత తక్కువ పొగ వదిలే ఊరికి వాతావరణం ఏమైనా రాయితీ ఇచ్చిందా? 2024 జులై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ఒక్క రోజు కురిసిన కుండపోత అది. వరదలో చిక్కుకున్న కూలీలని హెలికాప్టర్లతో గట్టెక్కించారు. నీళ్లు నారాయణపురం మీదుగా ఆంధ్రలోని వేలేరుపాడు, కుక్కునూరు వైపు పోయి పొలాల మీద ఇసుక మేట వేశాయి. ఆ ప్రాజెక్టు ఆయకట్టులో ఎక్కువ భాగం 2014లో ఆంధ్రకి వెళ్లిన ఆ మండలాల్లోనే ఉంది. రెండు రాష్ట్రాల మధ్య ఎవరు బాగుచేయాలన్న చర్చ నడుస్తుండగానే ఇసుక మేట కింద మడులు కనపడకుండా పోయాయి. గాలి వేడెక్కితే ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుంది, పట్టినదాన్ని ఒకేసారి గుమ్మరిస్తుంది. ఒక్క కట్ట తెగడానికి ఒక్క కారణమే ఉందనను, గేట్లు, నిర్వహణ, వయసు అన్నీ ఉంటాయి. కానీ ఇకమీదట కట్టే ప్రతి కల్వర్టూ, ప్రతి కాల్వా పాత వానల లెక్కతో కడితే సరిపోదు. కొత్త మున్సిపాలిటీ ముందు సిమెంటు రోడ్ల ఎస్టిమేట్లే ఎక్కువ ఉంటాయి. సైడు కాల్వల వెడల్పు ఎంతో వాటిలో ఒకసారి చూడండి.

ఈ ఊరికి నెట్ జీరో అనే పెద్ద మాట వద్దు. పెద్ద కన్సల్టెంటూ వద్దు, రంగుల పుస్తకమూ వద్దు. ముందు ఒక్క కాయితం చాలు. వీధి దీపాలకి, మంచినీటి మోటార్లకి ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలాయి. చెత్త బళ్లు, ట్రాక్టర్లు ఎంత డీజిలు తాగాయి. రోజూ ఎంత తడి చెత్త వస్తోంది, అందులో ఎంత ఎరువవుతోంది, ఎంత తగలబడుతోంది. ఊరి పొలిమేరలో గెలల ఫ్యాక్టరీ ఎన్ని టన్నులు ఆడింది, ఆ మురుగు ఎక్కడికి పోయింది. ఈ నాలుగు అంకెలూ ఇప్పటికే ఏదో ఒక రిజిస్టర్లో ఉన్నాయి. వాటిని తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఇంటిపన్ను బకాయిల జాబితా పక్కనే నోటీసు బోర్డు మీద అతికించమని అశ్వారావుపేట కౌన్సిలర్లని కోరుతున్నాను. మీ వార్డు కౌన్సిలర్ ఈసారి ఎదురుపడినప్పుడు మీరూ అడగండి.